అద్దం మూత

సెమిలిగూడలో పుష్యమాసం చలికి
బిందెలో నీళ్ళు కూడా పలకవు.
ఆఫీసు వెనక, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో
పద్నాలుగు నక్షత్ర తాబేళ్ళు.
రాయగడ స్టేషన్లో
పాత చీరల మూటలో దొరికినవి.
వీపుల మీద ఎర్రరంగు అంకెలు.
కాగితాల్లో వాటి పేరు కేసు సొత్తు.

"సాక్ష్యం చచ్చిపోకూడదు"
అన్నాడు రేంజరు పాణిగ్రాహి,
మఫ్లర్లోంచి ముక్కు మాత్రం బయటపెట్టి.
ఫోన్లో బొమ్మ చూపించాడు:
నాలుగు పలకల పెట్టె, పైన ఏటవాలు అద్దం.
దొరల దేశంలో మొలకల్ని చలికి దాస్తారట అందులో.
దానికి మన భాషలో పేరు లేదు.
బిసోయి మేస్త్రి కాచొ ఘొరొ అన్నాడు.
నేను కుంపటి అనుకున్నా,
నిప్పు లేని కుంపటి.

మూడు రకాలు చూశాను.

సునాబెడ తుక్కు కొట్లో
బస్సు ముందద్దం ఒకటి,
వంపు తిరిగి, మూలన వినాయకుడితో.
"ఎనిమిది వందలు. స్టిక్కరుకి ఏమీ తీసుకోను"
అన్నాడు ఇమాముద్దీన్.
ఆ వంపు ఏ చట్రానికీ లొంగదు.

జయపురంలో ప్లాస్టిక్ రేకు.
తేలిక. కోతి దూకినా పగలదు.
కానీ దాని వెనక ఎండ
నీళ్ళమజ్జిగలా ఉంది.
ధర విన్నాక చెయ్యి వెనక్కి తీసుకున్నా.

మూడోది, కూల్చేస్తున్న క్వార్టర్ల కిటికీలు.
టేకు చట్రం, నాలుగేసి గళ్ళు.
ఒక గడిలో ఎవరి పిల్లో
మేకుతో గీసిన ఋ.
ఇంకే అక్షరమూ లేదు, అదొక్కటే.
అవే తీసుకున్నా.
లెక్క అడిగితే మాత్రం
టేకుకి చెద పట్టదని చెప్పాను.

కిటికీలు ఐదొచ్చాయి కదా అని
మూతకే కాక గోడలకీ అద్దమే పెట్టించాను.
అక్కడే బుద్ధి గడ్డి తింది.
తొమ్మిదో నంబరు
పొద్దెక్కినప్పట్నుంచి పొద్దు గుంకేదాకా
దక్షిణపు అద్దాన్ని తలతో తోస్తూనే ఉంది.
కనపడేదంతా దారే దానికి.
గోళ్ళు గీరుకునే చప్పుడు
రాత్రి నా దుప్పట్లోకీ వచ్చింది.

పదకొండేళ్ళుగా దినకూలీ వాచర్ని నేను.
పర్మనెంటు చేసే ఫైలు
భువనేశ్వరంలో ఏ బల్ల మీదుందో కూడా తెలుసు.

మర్నాడు సున్నంలో జిగురు కలిపి
బయటివైపు జానెడెత్తు పూశాను.
తొమ్మిదో నంబరు ఒక పూటంతా నిలబడింది.
తర్వాత మెల్లగా తిరిగి
గడ్డిలో దూరింది.
"గోడని తెలిస్తే నిద్రపడుతుంది" అన్నాడు బిసోయి,
బీడీ వెలిగించుకుంటూ.
నేనేమీ అనలేదు.

ఎనిమిదింటికి, పొగమంచు లేచాక,
మూత కింద అర ఇటుక.
పదకొండింటికి నిలువు ఇటుక.
మర్చిపోయామా, అదే పెట్టె పొయ్యి.
నాలుక్కల్లా దించెయ్యాలి,
ఉన్న కాస్త ఎండనీ
కొంగున ముడేసినట్టు.

వాయిదా మళ్ళీ పడింది, మార్చికి.
మూట మోసినవాడికి బెయిలొచ్చింది.
వీటికి ఎవరూ అడగలేదు.
ఏ ఊరివో ఎవరికీ తెలీదు.
ఎండలో కాగిన ఎర్రమట్టి తట్టెడు పోస్తే
మూడో నంబరు ముందుగా వచ్చి
దాని మీద గడ్డం ఆనించింది.
ఆ మాత్రం తెలిసింది.

ఇవాళ మూత ఎత్తాను.
లోపలివైపు అద్దానికి చెమట.
ఋ మీదుగా ఒక బొట్టు
కొమ్ము దాకా జారి ఆగింది.
పన్నెండు. పదమూడు.
పద్నాలుగోది లేదు.
గడ్డిలోకి మోచేతిదాకా పెట్టి వెతికితే
మూలన రాయిలా తగిలింది, చల్లగా.

పలక మీద అంకె చెరిగిపోయింది.
ఒళ్ళో పెట్టుకుని
ఎండ ఎటు జరిగితే అటు జరిగాను.
రేంజరు రెండుసార్లు కేకేశాడు.
రెండు టీలు చల్లారాయి.

ఎప్పటికో
ఒక కాలు బయటికొచ్చి
నా అరచేతిని నేలనుకుని
తోసింది.